కమ్లి బుక్ చేసిన లంబాడీ ఫోను

మిర్యాలగూడ బస్టాండు ఎదురుగా ఫోన్లు బాగుచేస్తాను కానీ, ఫోన్ల మీద నాకేం నమ్మకం లేదు. అందులోనూ ఇంకా తయారే కాని ఫోనుకు ముందుగా డబ్బు కట్టడమంటే ఒళ్లు మంట. ఆ సంగతి కమ్లికి ఎన్నిసార్లు చెప్పానో! నా నోరు నొచ్చిందే గానీ ఆమె వినలేదు.

కమ్లి తన తండా నుంచి పన్నెండు మంది ఆడవాళ్లను నాట్లకు తీసుకెళ్లే ముఠా పెద్ద. చదువు రాదు. సాగర్ కాలువకు నీళ్లు వదిలారంటే పొద్దున్నే పది మంది రైతులు ఫోన్ చేస్తారు. ఎత్తితే వస్తానన్నట్టే లెక్క, ఎత్తాక రానంటే ముఠా పరువు పోతుంది. అందుకే ఎవరి వంతు ఉందో వాళ్ల ఫోనే ఎత్తేది. ఆమె బటన్ల ఫోనులో ఒక్కో రైతుకు ఒక్కో మోత నేనే పెట్టిచ్చాను. ఇక్కడి జగదీశ్‌కు రైలు కూత, కోదాడ పక్కన చిలుకూరు అహల్యమ్మకు గుడి గంట. ఇరవై ఏళ్లలో కమ్లి మాట తప్పింది లేదు.

ఇంతలో సూర్యాపేటలో ఒక ఏజెంటు, లంబాడీలో మాట్లాడే ఫోను వస్తోందనీ, ఫోన్ చేసినవాళ్ల పేరు అదే చెబుతుందనీ ఆమె చెవిలో ఊదాడు. ధర ముప్పై ఎనిమిది వేలు, అంతా ముందే కట్టేసింది. ఆ డబ్బుకు నా షాపులో మంచివి మూడొస్తాయి. ఉగాదికన్నారు, దసరాకన్నారు, మళ్లీ ఉగాది కూడా దాటింది. తేదీ మారినప్పుడల్లా వచ్చి నా కౌంటరు దగ్గర నిలబడేది. డబ్బు వాపసు అడుగు అక్కా, నిన్ను తిప్పుతున్నారు అని గట్టిగానే అరిచాను.

"మా మాట మాట్లాడే వస్తువు ఇప్పటిదాంక ఎవలన్న జేసిండ్రా సారూ?" అంది.

ఆ మాట నిజమే. కోపం మాత్రం తగ్గలేదు.

సరిగ్గా నాట్లప్పుడు ఫోను వచ్చింది. పాతది ఇస్తేనే కొత్తదిస్తామన్నారట, నన్నొక్క మాట అడక్కుండా ఇచ్చేసింది. నాలుగో రోజు ముఖం వేలాడేసుకుని షాపుకొచ్చింది. ఎవరు చేసినా ఒకటే మోతట. ఆ రోజు వంతు అహల్యమ్మది. ఆమే అనుకుని ఎత్తితే అది జగదీశ్. ఎత్తాక కాదనలేక ముఠాను అతని పొలానికి తీసుకెళ్లింది. చిలుకూరులో అప్పటికే పీకిన నారు ఎండకు వాడిపోయింది. సాయంత్రం అహల్యమ్మ ఫోన్ చేసింది గానీ తిట్టలేదట.

"నీ మాట మీదే నారు పీకించాను గదా కమ్లీ" అని పెట్టేసిందట.

ఫోను లాక్కుని చూశాను. వేరే మోత పెట్టుకునే వీలే లేదు. పేరు చెప్పడం దసరా తర్వాత వచ్చే అప్‌డేట్‌లోనట. నాట్లయ్యాక ఆ పేరు ఎవడికి కావాలి? నేలకేసి కొట్టాలనిపించింది. సొరుగులోంచి ఒక పాత బటన్ల ఫోను తీసి, గొణుక్కుంటూనే మోతలు ఒక్కొక్కటే పెట్టసాగాను.

"అహల్యమ్మ గంట గుడ పెట్టు సారూ. ఆమె చెయ్యకున్న మంచిదే" అంది.

అప్పుడే కౌంటరు మీది కొత్త ఫోను లంబాడీలో ఏదో అంది. కమ్లి గబుక్కున అటు తిరిగింది. ఏమంటోందని అడిగాను. చార్జింగ్ అయిపోతోందంటోందట. నేను వైరు అందుకున్నాను. ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"ఆగు సారూ. వైరు పెడితే మళ్ల మాట్లాడదు."