చక్రం కింద చెక్క

నా చిన్నప్పుడు మా పేటలో ఒక్కటే కారు ఉండేది. దాన్ని కారు అనడం మా జేజినాయన, అంటే మా నాన్నకు నాన్న, పట్టుదల. చూసినవాళ్ళు వేరే మాటలు వాడేవాళ్ళు. ఆయన బేతంచెర్ల గనుల్లో నాపరాళ్ళు మోసే లారీకి డ్రైవరు. ఎవరో షెడ్డు వెనక పారేసిన నల్లకారును పాత ఇనుము కింద కొని, దానికి ప్రాణం పోశాడు. పేటలో ఏ పెళ్ళికూతురు చర్చికి పోవాలన్నా, ఎవరికి పురిటినొప్పులు వచ్చినా ఆ కారే దిక్కు. నడిపేటప్పుడు దానికి పెద్ద లోపమేమీ లేదు. నిలిపినప్పుడే నిలిచేది కాదు. చేతి బ్రేకు అలంకారం కోసం ఉండేది. అందుకని చక్రం కింద పెట్టడానికి ఒక నాపరాయి ముక్క ఎప్పుడూ డిక్కీలో ఉండేది.

కర్నూలులో ఏటా ఒక ఆదివారం, నది వైపు దిగే వీధిలో రాకపోకలు ఆపి కార్ల ప్రదర్శన పెట్టేవారు. ఆ ఏడు పాత కార్లకూ చోటిస్తామన్నారు. జేజినాయన పోయి పేరిచ్చి వచ్చాడు. ఆ సంగతి నేను బడిలో తెలియాల్సిన వాళ్ళందరికీ చెప్పాను. అక్కర్లేని వాళ్ళకు రెండుసార్లు చెప్పాను. కారు వరసలో నిలబడకపోతే సోమవారం నేను బడికి పోయే పరిస్థితి లేదు.

ఉదయం ఆరాధన ముగిశాకే కదిలాం కాబట్టి మేం చేరేసరికి చదునైన చోట్లన్నీ నిండిపోయాయి. వీధి చివర వాలులో మాకు చోటు చూపించారు. మాకు కాస్త దిగువనే షామియానా, అందులో కుర్చీల్లో ముఖ్య అతిథులు. జేజినాయన బ్రేకు మీద కాలు తీయకుండా, కారులోనే కూర్చుని అటూ ఇటూ చూశాడు. అన్ని కార్లూ అద్దాల్లా మెరుస్తున్నాయి. ప్రతి కారు బానెట్ మీదా ఒక మూడు పలకల చెక్క, ఆఫీసర్లు బల్ల మీద పేరు రాసి పెట్టుకునేదాని లాంటిదే, ఇంకాస్త పెద్దది. దాని మీద ఎర్ర అక్షరాలతో ‘ముట్టుకోరాదు’ అని ఉంది.

చొక్కాకు బ్యాడ్జీ పెట్టుకున్న నిర్వాహకుడొకడు వచ్చి మాకూ ఒకటి ఇచ్చాడు. మర్యాదస్తుడే.

“ముట్టుకుంటే ఏమైతాదప్పా?” అన్నాడు జేజినాయన.

“గీతలు పడతాయి పెద్దాయనా.”

“పడనీలే. ఉండే గీతలకు తోడైతాయి.”

“రూలు పెద్దాయనా, అందరికీ ఒకటే. పెట్టకుంటే బండి తీసెయ్యాల్సొస్తాది.”

జేజినాయన ఆ చెక్కను తిప్పి తిప్పి చూశాడు. “ఈ మాట మా నాయనకు శానామంది చెప్పినారు. టీ అంగట్లో చెప్పినారు, బావికాడ చెప్పినారు. ఇప్పుడు నా చేత్తో నా కారుకే పెట్టుకోమంటాండావు.”

“దానికీ దీనికీ ఏం సంబంధం పెద్దాయనా?”

“నీకు లేదులేప్పా.”

ఆయన నన్ను పిలిచి చెక్కను నా చేతికిచ్చాడు. లొంగిపోయాడనుకున్నాను. నిజం చెప్పాలంటే నాకు ప్రాణం లేచొచ్చింది. సోమవారం గండం గడిచింది కదా.

“పాపా, ముందు చక్రం కింద పెట్టు” అన్నాడు.

రాయి డిక్కీలో ఉంది. ఆ మాట చెప్పబోయి ఆయన ముఖం చూశాను. ఆదివారం చర్చిలో కూర్చున్నంత శాంతంగా ఉంది. చెక్కను చక్రం కింద పెట్టాను. ఆయన బ్రేకు వదిలాడు. కారు అంగుళం జారి, ఎర్ర అక్షరాల మీద కూర్చుంది.

నిర్వాహకుడు వంగి చూశాడు. “అది బానెట్ మీద పెట్టాల పెద్దాయనా!”

“తీసి పెట్టుకో. బండి నీ అతిథుల కాడికి పోతాది. వాళ్ళూ సూసినట్టుంటాది.”

అతను షామియానా వైపు చూశాడు. చక్రం వైపు చూశాడు. తర్వాత వేరే వరసలో ఏదో అత్యవసర పని గుర్తొచ్చి వెళ్ళిపోయాడు.

జేజినాయన దిగి, నాలుగు తలుపులూ తెరిచాడు. “రాండప్పా, ముట్టుకోండి. కూసోండి. హారన్ కొట్టుకోండి” అని వీధికంతా వినబడేలా పిలిచాడు. మొదట ఒక బురఖా ఆమె చంకలోని బిడ్డ స్టీరింగ్ పట్టుకున్నాడు. తర్వాత అన్ని కార్ల దగ్గరా అదిలింపులు తిన్న పిల్లలంతా మా మీద పడ్డారు. పక్క కారాయన మా గోలకు చెవులు మూసుకున్నాడు. మా హారన్ మోతలో ముఖ్య అతిథి ప్రసంగంలో చాలా భాగం వినపడలేదు. ఎవరూ బాధపడినట్టు కనిపించలేదు.

బహుమతి రాలేదు. మరుసటి ఏడు పిలుపూ రాలేదు. మేం వెళ్ళాం. వాలులోనే నిలిపాం.

ఆ చెక్కను ఎవరూ తిరిగి అడగలేదు, మేమూ ఇవ్వలేదు. పెద్దయ్యాక కాలేజీలో పాఠాలు చెప్పినన్నాళ్ళూ ఏ గదిలోనైనా నా కుర్చీకి ఒక చోటు చూపించి, అది దాటొద్దని ఎవరైనా మర్యాదగా చెప్పినప్పుడు, నేను అరవలేదు. వాళ్ళిచ్చిన చెక్కను ఎక్కడ పెట్టాలా అని మాత్రం ఆలోచించాను. కొన్నిసార్లు చోటు దొరికింది. దొరకనప్పుడు, ఆ గది వదిలి మాత్రం పోలేదు.

ఇప్పుడు కారు నాది. ఏటా ప్రదర్శనకు తీసుకుపోతాను, తలుపులు తెరిచి పెడతాను. చేతి బ్రేకు ఒక్క పూటలో బాగుచేస్తానంటాడు కల్లూరు మెకానిక్. వద్దంటాను. చెక్క మీద ఎర్ర అక్షరాలు చక్రం కింద నలిగి దాదాపు చెరిగిపోయాయి. రాయి ఇప్పటికీ డిక్కీలోనే ఉంది.