వెనక మాత్రమే వేసిన రంగు

స్టేషన్ ఘన్‌పూర్‌లో బండ్లకు రంగులు వేసే చిచ్చాకు ఒక అలవాటుండేది. డబ్బా మూత తీసే ముందు "ఎవలు చూడాలె?" అని అడిగేవాడు. అవి తెలంగాణ ఉద్యమం రోజులు. నంబరు ప్లేట్ల మీద ఏపీ చెరిపి టీజీ రాయడంతోనే ఆయనకు తీరిక ఉండేది కాదు.

నేను కిరాణా దుకాణంలో పెరిగినవాణ్ణి. భూపాలపల్లిలో మట్టి ట్రాకు మీద జరిగే మోటారుసైకిళ్ల పోటీకి బండి సిద్ధం చేస్తున్నాను. నన్ను పొట్లాలు కట్టేవాడని ఎగతాళి చేసే మా బావ ముందు పరువు నిలవాలి.

"పోటీకొచ్చినోళ్లు చూడాలె చిచ్చా," అన్నాను.

"నువ్వు ముందట ఉంటవా, ఎనుక ఉంటవా?"

"ముందటనే!"

"గట్లయితే వాళ్లకు కనవడేది ఎనుక భాగమే గద బేటా."

నాలోని బేరగాడు లేచి కూర్చున్నాడు. "అయితే ఎనుక ఒక్కటే ఎయ్యి. సగం పైసలిస్త."

చిచ్చా నన్ను జాలిగా చూశాడు. రేసు బండికి ప్లేటు లేదు కాబట్టి, వెనక మడ్‌గార్డుకు గులాబీ రంగు వేసి దానిమీదే 'జై తెలంగాణ' అని రాశాడు. ముందంతా బూడిదరంగు ప్రైమరే.

పోటీలో అందరికంటే వెనక వచ్చాను. ఎదురుగా వస్తున్న నన్ను చూసి, జనంలో నిలబడ్డ బావ "ఏం సేటూ, రంగు ఒడిసిందా, పైసలు ఒడిసినయా?" అని అరిచాడు. జనం పగలబడి నవ్వారు. నేను దాటాక వాళ్లకు వెనక రాత కనిపించింది. నా తర్వాత ఇంకో బండి లేదాయె, జనమంతా ట్రాకు మీదికి దిగి "జై తెలంగాణ" అంటూ నా వెంట ఊరేగింపు కట్టారు. అందులో పెద్ద గొంతు బావదే.

తన పనితనం చూసుకోవడానికి బస్సెక్కి వచ్చిన చిచ్చా ఒక్కడే నినాదం ఇవ్వలేదు. రంగుకు ఎక్కడైనా గీత పడిందేమోనని, మడ్‌గార్డు పక్కనే వంగి నడుస్తున్నాడు.