నాన్న రికార్డ్ ప్లేయర్

నాన్న పోయాక ఆయన పాత రికార్డ్ ప్లేయర్‌ని మా ఆయన సూట్‌కేస్‌లో పెట్టుకుని అమెరికాలో మేముండే నోవైకి మోసుకొచ్చాడు. గరాజ్‌లో ట్రాన్స్‌ఫార్మర్ తగిలించి ఆన్ చేస్తే, నాన్నకిష్టమైన పాట కీచుగొంతుతో పరుగెత్తింది. అమెరికా కరెంటుకి మన మోటార్ వేగంగా తిరుగుతుందట. మా పాప పడీపడీ నవ్వింది.

"మోటార్ పుల్లీ మార్పించి, కొత్త సూది వేయిస్తా. మావయ్యగారి గుర్తు కదా," అన్నాడు మా ఆయన.

గుర్తే మరి! నడుం బెల్టు తీసే ముందు నాన్న, "సౌండ్ పెంచవే," అని అమ్మ మీద అరిచేవాడు, నా ఏడుపు పక్కింటికి వినబడకుండా. అమ్మ పెంచేది. ఈ పాటకే వీపు చిట్లేది. ఒకసారి బెల్టు బకిల్ తగిలి చెవి వెనక చీలింది. నెత్తురు మెడ మీదుగా గౌనులోకి కారుతుంటే, పాట అయిపోయిందని అమ్మ చేత సూది మళ్ళీ మొదట్లో పెట్టించి మరీ కొట్టాడు. ఈ సంగతి మా ఆయనకి ఎన్నడూ చెప్పలేదు.

"ముందు దీన్ని ఆపేస్తా, వినలేకపోతున్నాం," అంటూ స్విచ్ మీద చెయ్యేశాడు. పాప ఇంకా పొట్ట పట్టుకుని నవ్వుతూనే ఉంది.

"ఆపావంటే చెయ్యి విరిచేస్తా," అన్నాను. "రిపేరూ వద్దు, ఏమీ వద్దు. సౌండ్ పెంచు."