బొట్టు పెట్టిన పెట్టె

మొన్న మా సిద్దిపేటలో పాత దవాఖానను పడగొడుతున్నారని విని చూడబోతే, తుక్కు కుప్పలో వైర్లు దూర్చే ఇనుప పెట్టె ఒకటి కనబడింది. దాని నెత్తిన అట్టకట్టిన పసుపు, మధ్యన వెలిసిన కుంకుమ బొట్టు. అడిగి తెచ్చుకుని దేవుని గూటి కింద పెట్టుకున్నాను.

నేను బడి ముఖం చూడలేదు. అక్షరాలు బాపు ఇంట్లోనే దిద్దించాడు, కంప్యూటరు అన్న నేర్పాడు. భగవంతుడి దయవల్ల ఆ చదువుతోనే ఆ దవాఖాన కౌంటరులో కూర్చోగలిగాను. అక్కడి కంప్యూటర్లన్నిటినీ కలిపే ఈ స్విచ్ పెట్టెను అమర్చిందీ అన్నే. కౌంటరు, స్కానింగు గది, బయటి నుంచి వచ్చే ఇంటర్నెట్టు, అన్ని వైర్లూ ఇందులోకే వచ్చినా, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా లోపలే వేరు చేయాలి. వీలాన్ అంటారు దాన్ని. ఒకే ఇంట్లో అన్నదమ్ములు వేరు కుంపట్లు పెట్టుకున్నట్టని నాకు అర్థమయ్యేలా చెప్పాడు. అది విని కాంపౌండరు, "రాష్ట్రం వేరు గాకముందే డబ్బను వేరు జేసినవ్ గద తమ్మీ!" అని అందరినీ నవ్వించాడు. కొన్నాళ్లు నడిపి చూసి, తప్పుల్లేకుంటే అప్పుడు ఆ అమరికను పెట్టెలో సేవ్ చేసి భద్రం చేద్దామనుకున్నాడు అన్న. అప్పటిదాకా పెట్టె ఆగిందంటే అన్నీ మరిచిపోతుంది. కరెంటు కోతలకు బ్యాటరీ ఉండనే ఉంది. దసరా సంగతి ఎవరికీ తట్టలేదు.

సకల జనుల సమ్మె కాలమది, మన ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది. బస్సుల్లేవు, దుకాణాల్లేవు, నెట్ సెంటర్లకూ తాళాలే. పండుగనాడు మా దవాఖాన ఆనవాయితీ ప్రకారం యంత్రాలన్నీ ఆపి, తుడిచి, బొట్లు పెట్టి కొబ్బరికాయ కొట్టాం. తిరిగి వేసేసరికి పెట్టె అన్న చెప్పినవన్నీ మరిచిపోయింది. ఇంటర్నెట్టు లేదు, ఒక కంప్యూటరు మరొకదానితో పలకదు. ఇంతలో, ఉద్యమం వాళ్లు రోడ్డు మీదే వండి తినే వంటావార్పు దగ్గర తోపులాటలో పడి తల రాతికి కొట్టుకున్న అన్ననే మోసుకొచ్చారు.

స్కాన్ తీశారు. హైదరాబాదులోని పెద్ద డాక్టరు ఆ బొమ్మలు చూసి చెబితే తప్ప కదిలించడం ప్రమాదమన్నారు. బొమ్మలు పోవలసిన దారేమో ఆ పెట్టెలోంచే.

అన్నకు అప్పటికి తెలివి ఉంది. "ఏడ్సుడు తర్వాత ఏడుద్దువు గని, ముందుగాల గా కంప్యూటర్ ఇటు దే చెల్లె" అన్నాడు. పొడుగు వైరుతో మంచం దాకా లాక్కొచ్చాను. పెట్టెకు ఇవ్వవలసిన ఆదేశాలు ఆయన కళ్లు మూసుకుని ఒక్కో వరుసా చెబుతుంటే, నేను కొమురవెల్లి మల్లన్నను తలుచుకుంటూ టైపు కొట్టాను. ఆఖరున, "సేవ్ జెయ్యి. గీసారి కరెంటు పోయినా అది మర్వద్దు" అని మంచినీళ్లు అడిగాడు.

బొమ్మలు చేరాయి, వెంటనే తీసుకురమ్మన్నారు. దారికి అడ్డంగా రాళ్లు పెట్టినవాళ్లే ఉరికొచ్చి ఆ రాళ్లు తీశారు. ఎవరి బిడ్డలో తెలియదుగానీ, ఈనాటికీ దీపం పెట్టేటప్పుడు వాళ్లకు మనసులోనే దండం పెట్టుకుంటాను. అన్న మాత్రం తిరిగి రాలేదు.

రాష్ట్రం వచ్చింది, ఊరు జిల్లా అయింది, కరెంటు పోవడమే అరుదు. నిన్న పూజయ్యాక పెట్టెకు కరెంటిచ్చి, కంప్యూటరుకు తగిలించి చూశాను. అన్న చెప్పిన వరుసలన్నీ, చెప్పింది చెప్పినట్టే, లోపల ఉన్నాయి. ఆ వరుసలు పైకి చదువుకున్నాను, ఆయన గొంతులో వినబడతాయేమోనని. నా గొంతే వినబడింది.