నాన్నకి ఇరవై మూడు మార్కులు

పోయిన వారం డ్రైవింగ్ పరీక్ష తప్పాను. నలభై రెండేళ్లదాన్ని, ఆర్టీఓ ఆఫీసు నుంచి అశోక్‌నగర్‌లోని మా ఇంటికి ఆటోలో వస్తూ, ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి హ్యాండ్‌బ్యాగు అడుగుకి తోసేశాను, మా అబ్బాయి కంటపడకుండా. చేతికి పాత అలవాటు ఇంకా పోలేదు.

తొంభైల నడుమ మేం చిక్కడపల్లిలో ఉండేవాళ్లం. నాన్న ఒక మందుల కంపెనీలో ఇంజనీరు. చైనా ఫ్యాక్టరీలతో మాట్లాడే మనిషి కావాలని, నలభై రెండో ఏట ఆయన్ని మాండరిన్ నేర్చుకోమని ఏడాదిపాటు అక్కడికే పంపారు. మా ఇంట్లో మార్కులకి ఒకటే చట్టం: నలభైకి తగ్గితే దాచకూడదు, నాన్న సంతకం పడాలి. "నేను లేనని ఖుషీ కాకు. పోస్టుల పంపాలె" అని ఢిల్లీ రైలెక్కుతూ కూడా చెప్పాడు. రెండో నెలలోనే నాకు లెక్కల్లో ముప్పై ఒకటి వచ్చింది. పోస్టాఫీసు బడి దారిలోనే ఉన్నా, ఆ పేపరు మాత్రం ట్రంకుపెట్టె అడుగునే ఉండిపోయింది.

ఒక మధ్యాహ్నం నా పేరు మీద చైనా నుంచి కవరొచ్చింది. దొరికిపోయాననుకున్నాను. విప్పితే పరీక్ష పేపరు. గళ్లలో పట్టకుండా పెన్సిల్‌తో రాసిన చైనా అక్షరాలు, వాటి మీద ఎర్ర గీతలు, పైన 23. ఎవరో చిన్నపిల్లాడి రాత అనుకున్నాను. వెంట నాన్న ఉత్తరం.

"బిడ్డా, ఇది నాదే. క్లాసుల అందరూ ఇరవై ఏండ్ల పోరగాళ్లే. పొద్దున నేర్చింది మాపటికి యాదికుంటలేదు. ఇంకోసారి తప్పితే వాపస్ పంపుతరట. రూలంటే రూలే, సంతకం పెట్టి పంపు. అమ్మకు చెప్పకు, పరేషాన్ అయితది."

నిద్రలో లేపి అడిగినా పంతొమ్మిదో ఎక్కం గడగడా చెప్పే మనిషి పరీక్ష తప్పడమేమిటి! నిజం చెప్పొద్దూ, కోపం కూడా వచ్చింది. ఇన్నేళ్లూ భయపెట్టిన మనిషి ఇలా చేతులెత్తేస్తే నేనిక ఎవరికి భయపడాలి? రెండు రోజులు అన్నం సహించలేదు. "ఏమైందే, జరమొచ్చిందా?" అని అమ్మ నుదురు పట్టి చూసింది. మూడో రోజు ఆ ఇరవై మూడు కింద నా పేరంతా గుండ్రంగా రాసి సంతకం పెట్టాను. ట్రంకుపెట్టెలోంచి నా ముప్పై ఒకటిని కూడా తీసి అదే కవర్లో పెట్టి, నాన్నకి పంపేశాను.

నెలకి నా పేపరు తిరిగొచ్చింది. తిట్టు ఒక్కటీ లేదు. సంతకం కింద, "నాకంటె ఎనిమిది ఎక్కువనే వచ్చినయ్ గద బిడ్డా. ఇద్దరం మళ్ల రాద్దాం" అని ఉంది. మళ్లీ రాశాం. ఆయనకి అరవై రెండు వచ్చాయి, నాకు నలభై నాలుగు.

కుర్రాళ్ల మధ్య కూర్చుని పన్నెండేళ్ల కూతురికి ఆ నాలుగు ముక్కలు రాయడం ఆయనకి ఎంత కష్టమైందో అప్పుడు నాకు తోచలేదు. ఇవాళ బ్యాగులోంచి కాగితం తీసి మా అబ్బాయి ముందు పెట్టి, సంతకం చెయ్యమన్నాను. వాడు తెల్లబోయి చూశాడు. పదిహేను రోజుల్లో ఇంటికి చేరిన ఆ ఉత్తరాన్ని చదవడానికి నాకు ముప్పై ఏళ్లు పట్టింది.