పట్టుపురుగుల జ్వరం

ఇన్నేళ్లూ నా మాటకు జవాబిచ్చినవాళ్లు లేరు. నేను పంపిన అధ్యాయాలను పీహెచ్‌డీ గైడు ఐదేళ్లు తెరవనే లేదు. అది నేను మరిచిపోలేదు. ఎలాగో పట్టా చేతికొచ్చాక, కుప్పంలో పోస్ట్‌డాక్ అవకాశం దొరికింది. వారానికోసారి కాస్త సమయం ఇస్తారా అని అక్కడ నాకు గైడుగా ఉండబోయే మేడమ్‌కు మూడు మెయిళ్లు పెట్టాను. ఒక్కదానికీ జవాబు లేదు. ఈసారీ అంతే అయితే పరిశోధన వదిలేయాల్సిందే. ఆ భయంతోనే మదనపల్లెలో కుప్పం బస్సెక్కాను.

పుంగనూరులో ఒకామె పట్టుపురుగుల తట్టతో ఎక్కి నా పక్కన కూర్చుంది. ఫోనే చూసుకుంటున్న నన్ను చూసి, "యాలప్పా ఆ ఫోన్నే అట్ల సూస్తాండావు?" అంది. అంతా చెప్పాను.

ఆమె తట్ట మీది గుడ్డ ఎత్తింది. ఒక్క పురుగూ కదలడం లేదు.

"చచ్చిపోయాయా?" అన్నాను.

"నీ నోట్లో మన్ను బడ! జ్వరంలో ఉండాయి. పొర విడిసేదాకా మేయవు, కదలవు. తలెత్తుకోనుంటే జ్వరం, వాల్చేస్తే రోగం. వంగి సూస్తేనే తెలుస్తాది. మీ మేడమ్మును నువ్వు పోయి సూసినావా?"

"లేదు."

"పాత సారు తలుపన్నా కొట్టినావా?"

ఐదేళ్లలో ఒక్కసారీ కొట్టలేదు. ఫోన్ జేబులో పెట్టేశాను.

కుప్పంలో దిగి నేరుగా మేడమ్ గదికి వెళ్లాను. తలుపు కొట్టాను. కాగితాల మీంచి ఆవిడ తలెత్తింది.

"మేడమ్, మూడు మెయిళ్లు పెట్టాను. వారంలో ఏ రోజు నాతో కూర్చుంటారో ఇప్పుడే చెప్పండి. చెప్పేదాకా ఇక్కడి నుంచి కదలను."