లక్షకు ఎందరు

పత్రికాఫీసులో బొమ్మలు గీసే ఆమెకు ఇప్పుడు రోజూ ఒకటే పని. ఏ దేశంలో మహమ్మారికి లక్షకు ఎందరు పోయారో పక్కపక్కనే నిలువు గీతలుగా గీస్తుంది. మాస్కు కింద పెదవులు కదుపుతూ అంకెలు సరిచూసుకుంటుంది. టీ చల్లారిపోయాక ఒక్క గుక్కలో తాగేస్తుంది. అక్క చనిపోయిన వారానికే తను పనిలోకి వచ్చింది. పలకరింపులు పడలేక ఎవరికీ చెప్పలేదు. ఏడుపూ రాలేదు. ఆవేళ ఎడిటరు వెనక నిలబడి తెర చూసి, "ఫర్వాలేదమ్మా, మన గీత పొట్టిదే. చాలా దేశాలకంటే నయం" అన్నాడు.

"పరీక్ష చేయకముందే పోయినవాళ్లు ఇందులో లేరు సార్" అందామె, రంగు నింపుతూనే.

"అలాంటివాళ్లు ఎంతమంది ఉంటారంటావ్?"

"తెలీదు సార్. మా అక్క మాత్రం ఉంది."

ఆమె గీతను మరోసారి కొలిచి, ఉన్న ఎత్తులోనే ఉంచి, పేజీని అచ్చుకు పంపేసింది.